పిక్క కొలత

ఏప్రిల్ 3

బావకి ఆపరేషన్ అయింది. ప్రాణం ఉంది.

ఇవాళ్టికి ఇంతే. 

ఏప్రిల్ 4

పొద్దున పెద్ద డాక్టరుగారు అక్కనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. గుండె దగ్గర బయల్దేరి వెన్ను పక్కనుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం బావకి బుడగలా ఉబ్బి, ఇవాళో రేపో పగిలేలా ఉందట. ఆ ముక్క కోసి తీసేసి, దాని చోట గుడ్డతో చేసిన గొట్టం కుట్టారట.

గుడ్డతోనా అని రెండుసార్లు అడిగాను.

"గుడ్డేనండి. పాలిస్టరు లాంటిది. మీరేం చేస్తుంటారు?" అన్నారు.

"టైలర్లమండి. నేనూ, లోపల పడుకున్న ఆయనా."

"అయితే మీకు బాగా అర్థమవుతుంది. మొత్తం చేత్తోనే కుడతాం."

అక్క దండం పెట్టింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. బావ జన్మంతా పాలిస్టర్ని తిట్టాడు. చెమట పీల్చదు, ఒంటికి ఆనదు, అది గుడ్డ కాదు కవరు అని ఎంతమంది కస్టమర్లని వాపసు పంపాడో. మెలకువ రాగానే ఈ సంగతి నేనే చెప్పాలి. ఇంకెవరినీ చెప్పనివ్వకూడదు.

ఏప్రిల్ 6

బావ నోట్లో గొట్టం తీసేశారు. చెప్పాను.

కాసేపు కళ్ళు మూసుకుని, "ఏ రంగు?" అన్నాడు.

"తెలుపట."

"మాసిపోతుంది కదరా." గొంతు గాజుపెంకు మీద గీసినట్టుంది. "కుట్లు దగ్గర దగ్గరగా వేశాడో లేదో కనుక్కో. వదులు కుట్టయితే నేను ఒప్పుకోను."

బావ తిరిగొచ్చేశాడు అనుకున్నాను. అప్పుడే అన్నాడు, "కాళ్ళ మీద ఆ దుప్పట్లు తీసెయ్ బామ్మర్దీ. ఎన్ని కప్పారు, కదల్లేకపోతున్నాను."

కాళ్ళ మీద దుప్పటి లేదు.

"తీసేశాను బావా" అన్నాను.

ఏప్రిల్ 7

పెద్ద డాక్టరుగారు ఈసారి నన్నొక్కణ్ణే పిలిచారు. వెన్నులోకి రక్తం తీసుకెళ్ళే సన్నటి దారాల్లాంటి నాళాలు ఆ పెద్ద నాళం నుంచే చీలతాయట. ఆ ముక్క మార్చేటప్పుడు కొందరికి వెన్నుకి రక్తం చాలదు. కాళ్ళు పడిపోతాయి. నూటికి కొద్దిమందికి ఇలా అవుతుందని ముందే చెప్పాం కదా అన్నారు.

చెప్పారు. ఆ కొద్దిమందిలో మా బావ ఉంటాడని నాకు తోచలేదు. ఆయనకి జన్మలో ఒక్క లాటరీ బహుమతి తగల్లేదు.

వీపులోకి సన్నటి గొట్టం పెట్టి నీరు తీస్తున్నారు. దానివల్ల కొందరికి మొదటి రోజుల్లోనే కాళ్ళలో కొంత కదలిక తిరిగి వస్తుందట. బావలా పూర్తిగా పోయినవాళ్ళకి రావడం తక్కువట.

బయట అక్క చూస్తోంది. "ఏమన్నార్రా?"

"టైం పడుతుందన్నారు."

ఆయన చెప్పిందే చెప్పాను. కాకపోతే సగం.

ఏప్రిల్ 8

మార్పు లేదు.

ఏప్రిల్ 9

మార్పు లేదు. వీపులో గొట్టం తీసేశారు.

ఏప్రిల్ 14

వార్డులోకి మార్చారు. పక్క మంచం ఆయనకి గుండెలో వాల్వు మార్చారు. ఆయన పొద్దున్నే లేచి వరండాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుస్తాడు. బావ పడుకుని ఆయన్నే చూస్తుంటాడు. ఏమనుకుంటున్నాడో అని నాకు గుబులు.

"బామ్మర్దీ, ఆయన ప్యాంటు చూశావా" అన్నాడు చివరికి. "సీటు దగ్గర సంచీలా జారుతోంది. ఎవడు కోశాడో, వాడికి చెయ్యాలి ఆపరేషను."

వాల్వాయన విని నవ్వి, ఛాతీ మీద కుట్లు పట్టుకుని, "నవ్వించకండి సార్, విడిపోతాయి" అన్నాడు.

"విడిపోతే మా బామ్మర్ది ఉన్నాడు లెండి. కుట్టేస్తాడు. కాజాలు కూడా తీస్తాడు."

సిస్టరు వచ్చి మమ్మల్ని ముగ్గుర్నీ తిట్టి వెళ్ళింది. చాలా రోజుల తర్వాత మంచి రోజు.

ఏప్రిల్ 22

షాపు తెరిచాను. కోయడం బావ పని, కుట్టడం నా పని. మిషను నేర్పింది ఆయనే. కత్తెర మాత్రం ఏనాడూ ఇవ్వలేదు. నీ చేతికి కత్తెరిస్తే గుడ్డకి దిక్కుండదు అనేవాడు. నిలబడి బల్ల మీదికి వంగి, గుడ్డ మొత్తాన్ని ఒకసారి అరచేత్తో నిమిరి, ఒక్క గీత గీసేవాడు. కోతంతా కాళ్ళ మీదే ఉంటుందిరా, చేతులదేముంది అనేవాడు.

స్కూలు యూనిఫారాల తానులు వచ్చి పడున్నాయి. ఒక నిక్కరు కోశాను. రెండు కాళ్ళూ ఎడమ కాళ్ళే వచ్చాయి.

మే 3

ఇంటికి తెచ్చాం. బయల్దేరేముందు పెద్ద డాక్టరుగారు స్కాను బొమ్మ లైటు ముందు పెట్టి చూపించారు. "చూడండి, ఎక్కడా కారడం లేదు. రిపేరు చాలా బాగా వచ్చింది. ఇంకా ఎన్నేళ్ళయినా ఢోకా లేదు."

"మరి కాళ్ళండీ?" అంది అక్క.

ఆయన బొమ్మ తీసి కవర్లో పెట్టారు. "అది వేరే విషయమమ్మా."

ముందుగదిలో మంచం వేశాం. కిటికీ లోంచి వీధి కనబడుతుంది. చక్రాల కుర్చీ తలుపులో పట్టలేదు, ద్వారబంధం పక్క చెక్క తీయించాల్సి వచ్చింది. మూత్రానికి పెట్టిన ట్యూబు, దాని సంచీ అక్కే చూసుకుంటుంది. నన్ను ముట్టుకోనివ్వదు.

మే 7

ఫిజియో అమ్మాయి రోజు విడిచి రోజు వచ్చి కాళ్ళు వంచుతుంది, చాపుతుంది. వాడకపోతే కండ కరిగిపోతుంది, జాగ్రత్త అంది. బావ వెంటనే, "అయితే కొలవరా. కరుగుతోందో లేదో తేలిపోతుంది" అన్నాడు.

పిక్క చుట్టూ టేపు పెట్టాను. బావ ఒక చేత్తో గుడ్డముక్కా, ఇంకో చేత్తో సుద్దా పట్టుకుని షాపులో అన్నట్టే "ఊఁ, చెప్పు" అన్నాడు.

"పదమూడున్నర."

సుద్దతో గీశాడు.

మా పని ఎప్పుడూ ఇంతే. టేపు నా చేతిలో, సుద్ద ఆయన చేతిలో. నేను పలికిందే కొలత. కోసేవాడు మళ్ళీ కొలిచి చూడడు. పలికిన కొలతని అనుమానించడం మాలో చెంపదెబ్బ కింద లెక్క. ఇన్నేళ్ళలో బావ ఒక్కసారి కూడా టేపు తన చేతిలోకి తీసుకోలేదు.

మే 14

పదమూడుకి కాస్త తక్కువ. పదమూడున్నర అన్నాను.

ఊరికే అన్లేదు. టేపు కొంచెం వదులుగా పట్టుకుంటే అంత వస్తుంది. ఎవరు పట్టుకున్నా వస్తుంది.

మే 21

పదమూడున్నర.

మే 24

ఇవాళ కాలు కదిలింది.

టేపు చల్లగా తగిలిందేమో, కుడికాలు మోకాలి దగ్గర చటుక్కున ముడుచుకుని మళ్ళీ సాగింది. అక్క చేతిలో బిందె అక్కడే వదిలేసింది. గది నిండా నీళ్ళు.

"ఏవండీ, మీరే కదిలించారా?"

బావ తన కాలిని పొరుగింటివాళ్ళ కాలిని చూసినట్టు చూస్తున్నాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఆఁ. నేనే" అన్నాడు.

అక్క నేల మీద కూర్చుని ఆ నీళ్ళలోనే ఏడ్చింది. నేను, "బావా, తన్నడం మొదలెట్టావంటే ముందు నన్నే తన్నాలి, అలవాటు తప్పకూడదు" అన్నాను. ముగ్గురం నవ్వాం.

కదిలింది. నా కళ్ళతో చూశాను.

మే 26

ఫిజియో అమ్మాయి వెళ్ళేటప్పుడు గేటు దాకా వెళ్ళి, కాలు కదిలిన సంగతి చెప్పాను. స్వీటు పెడదామనుకున్నాను. ఆ పిల్ల చెప్పులు వేసుకుంటూ ఆగిపోయింది.

"అంకుల్, అది ఆయన కదిలించింది కాదు. వెన్ను దెబ్బతిన్నాక కొన్నాళ్ళకి కాళ్ళు వాటంతటవే ఎగురుతాయి. ముట్టుకున్నా, చల్లగా తగిలినా ఎగురుతాయి. ఇంకా ఎక్కువవుతాయి కూడా. ఇంట్లో వాళ్ళందరూ మొదట ఇలాగే అనుకుంటారు."

"ఆయనే కదిలించానన్నాడమ్మా."

ఆ పిల్ల నాకంటే చిన్నదైనా తనే నా భుజం తట్టి వెళ్ళింది.

లోపలికొచ్చాక అక్క అడిగింది. "బావ బాగా చేస్తున్నాడట. పట్టుదలగా చేయించమంది" అన్నాను.

ఆ పిల్లకి అనుభవం తక్కువ. నిన్నగాక మొన్న చదువు అయిపోయినట్టుంది.

మే 28

పద్నాలుగు.

పలికాను. బావ సుద్ద పట్టుకుని నావైపు చూశాడు. "పెరిగిందే" అన్నాడు.

"పెరగదా మరి. తిని పడుకుంటున్నావు."

గీశాడు. ఆ గుడ్డముక్క మీద కొలతలు చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. నాకు వచ్చింది.

జూన్ 2

వాల్వాయన ఫోను చేశాడు. రెండు అంతస్తులు మెట్లెక్కుతున్నాడట. బావ కంఠం ఎత్తి ఎంతో బాగుందండీ, జాగ్రత్తండీ అన్నాడు. ఫోను పెట్టేసి, "మంచి వాల్వు" అన్నాడు.



జూన్ 9

స్కూలు హెడ్ మేడం షాపుకి వచ్చింది. నేను కోసి కుట్టిన చొక్కా ఒకటి బల్ల మీద పరిచింది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

"ఇది ఏ పిల్లాడికండీ?"

"ఎదిగే పిల్లాడికండి. ఒక పక్క ముందు ఎదుగుతాడు."

ఆవిడ నవ్వలేదు. "మీ బావగారు ఎప్పుడొస్తారు?"

"వచ్చేస్తారండి. కాలు కదుపుతున్నారు."

"అయితే మిగతావి ఆయన వచ్చాకే కోయండి. ఈ ఏడాదికి వేరేచోట ఇచ్చుకుంటాం." తానులు బండిలో వేయించుకుని వెళ్ళింది. కటింగు బల్ల ఇంత పెద్దదని నాకు ఇవాళే తెలిసింది.

జూన్ 11

పద్నాలుగు. కాలు ఇప్పుడు తరచు ఎగురుతోంది. ఎగిరినప్పుడల్లా బావ "నేనే, నేనే" అంటున్నాడు. అక్క ఇదివరకులా పరుగెత్తుకుని రావడం లేదు. పనుల్లో ఉంటోంది కదా.

జూన్ 17

శుభవార్త.

నేను వెళ్ళేసరికి బావ దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. "నా కత్తెర తీసుకురా. ఆ బూడిదరంగు కాటను ఉంది చూడు, అదీ తీసుకురా. ప్యాంటు కోసుకుంటాను."

"నీకా?"

"కాక, నీకా? నెలాఖరుకి చెకప్పుకి వెళ్ళాలి. దుప్పటి చుట్టుకుని వెళ్ళమంటావా?"

షాపుకి ఎలా వెళ్ళానో తెలీదు. మనిషి ప్యాంటు అడిగాడంటే మనసులో ఏముందో వేరే చెప్పాలా. నడవాలనుకోనివాడికి ప్యాంటెందుకు? కత్తెరకి సాన పట్టించి మరీ తీసుకెళ్ళాను. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి గుడ్డ పరిచాం.

"కొలతలు తీయనా బావా?"

"ఉన్నాయిగా నువ్వు చెప్పినవి. నువ్వెళ్ళు. మీ అక్క ఉంటుంది సాయం."

గడప దాటుతుంటే కత్తెర చప్పుడు వినిపించింది. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని. వీధిలో నిలబడి కాసేపు విన్నాను. దారిన పోయేవాడొకడు ఏమయిందండీ అన్నాడు. మా బావ గుడ్డ కోస్తున్నాడండీ అన్నాను.

జూన్ 19

అక్క మూట ఇచ్చింది. "మీ బావ కోసేశారు. జాగ్రత్తగా కుట్టమన్నారు. సుద్ద గీతలు చూసుకోమన్నారు."

"ఎన్నడూ చూసుకోనట్టు" అన్నాను. అక్క వంటగదిలోకి వెళ్ళిపోయింది.

జూన్ 20

మిషను ముందు కూర్చుని మూట విప్పాను.

మొదట బావ కోత తప్పిందనుకున్నాను. వెనక ముక్క నడుం దగ్గర అంత ఎత్తుకి లేచింది, ముందు ముక్క కిందికి దిగిపోయింది. రెండూ కలిపితే నడుం ఏటవాలుగా వస్తుంది. ఇలాంటిది తొడుక్కుని నిలబడితే వెనక గుడ్డంతా వీపు మీద బస్తాలా నిలుస్తుంది. చేతికి వణుకొచ్చి ఉంటుంది పాపం, కుర్చీలో కోయడం కష్టం కదా, నేనే కాస్త కత్తిరించి సర్దుదామని కత్తెర తీశాను.

అప్పుడు జేబుల కోసం వెతికాను. వెనక జేబులు లేవు. గుర్తు కూడా పెట్టలేదు. కాళ్ళు మామూలు కంటే పొడుగు.

నా స్టూలు మీద నేనే కూర్చుని నా ప్యాంటు చూసుకున్నాను. కూర్చుంటే వెనక నడుం దిగిపోతుంది, ముందు గుడ్డ పొట్ట దగ్గర కుప్పపడుతుంది, కింద అంచులు పైకి పోతాయి. వెనక జేబుంటే దాని అంచు ఒత్తుకుంటుంది. ఎప్పుడూ కూర్చునే ఉండే మనిషికి ఒత్తుకుంటే పుండు పడుతుంది.

కోత ఎక్కడా తప్పలేదు. ఇది లేవని మనిషి ప్యాంటు.

పిక్క దగ్గర టేపు పెట్టి చూశాను. పద్నాలుగుకి కోస్తే ఎంత గుడ్డ ఉండాలో నాకు తెలుసు. అంత లేదు. నేను పలికిన కొలతలు ఏవీ ఆ గుడ్డ మీద లేవు. తన కంటితో చూసిన కాలికి కోసుకున్నాడు.

లోపలి కుట్టు వెంబడి, తొడ దగ్గర, చిటికెన వేలంత మేర ఇటూ అటూ రెండు అడ్డగీతలున్నాయి. ఇక్కడ కుట్టొద్దని గుర్తు. ట్యూబు బయటికి రావడానికి. గీతలు వంకరగా ఉన్నాయి. బావ గీత వంకర పోదు. ట్యూబు సరిగ్గా ఎక్కడ వస్తుందో రోజూ చూసే మనిషి ఒక్కతే ఉంది ఆ ఇంట్లో.

షట్టరు దించేశాను.

జూన్ 21

కుట్టలేదు.

జూన్ 22

కుట్టలేదు. అక్క ఫోను చేసింది. దారం అయిపోయిందన్నాను. టైలరు షాపులో.

జూన్ 25

కుట్టాను. కుట్టొద్దన్నచోట కుట్టకుండా అంచులు మడిచి చేత్తో కుట్టాను, గరుకు తగలకుండా.

సాయంత్రం పట్టుకెళ్ళాను. అక్కా నేనూ కలిసి తొడిగాం. కాళ్ళు మధ్యలో ఎగిరాయి.  బావ ఈసారి "నేనే" అన్లేదు. కుర్చీలోకి మార్చాం. నడుం చుట్టూ సమానంగా కూర్చుంది. ఎక్కడా ముడత లేదు. అక్క ట్యూబుని ఆ ఖాళీలోంచి బయటికి తీసి సంచీకి తగిలించింది. సరిగ్గా సరిపోయింది.

బావ తొడ మీద గుడ్డని అరచేత్తో ఒకసారి నిమిరాడు. "బాగా కుట్టావు."

"ఎప్పట్నుంచి తెలుసు బావా?"

"ఏది?"

"కొలత."

"నువ్వు పద్నాలుగు అన్నప్పుడే అనుకున్నాను. కాస్తయినా తగ్గించి చెప్పుంటే ఇంకో రెండు వారాలు నమ్మేవాణ్ణేమో." నవ్వాడు. "కాళ్ళ సంగతయితే ఆసుపత్రిలోనే తెలుసు. నా కాలు నాకు తెలీదట్రా?"

"మరి నేనే కదిలించానని ఎందుకన్నావు? అక్క ఎంత ఆశ పెట్టుకుంది."

బావ అక్కవైపు చూశాడు. అక్క కుర్చీ పక్కన కూర్చుని ప్యాంటు అంచు సర్దుతోంది. తల ఎత్తలేదు.

"నాకూ ఆ ఫిజియో అమ్మాయి చెప్పేసిందిరా. నీకు చెప్పిన రెండో రోజే నేనూ అడిగాను" అంది. "నీ మొహం చూసి అడిగాను."

"అయితే ఇన్నాళ్ళూ..."

"నువ్వొచ్చి టేపు పెట్టి, పద్నాలుగు అని, ఆ జోకేదో వేసి, నవ్వుకుంటూ పోతుంటే ఎలా చెప్పమంటావు? తమ్ముడికి ఇప్పుడే చెప్పొద్దు, తట్టుకోలేడు అన్నారు మీ బావ. ఆ తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు. అందుకే ప్యాంటు కోద్దామన్నారు. కుడితే వాడికే తెలుస్తుందిలే అన్నారు."

నాకు జోకు ఒకటి రావలసిన చోటు అది. రాలేదు.

"ఏడుపు గీడుపు పెట్టుకోకు" అన్నాడు బావ. "కొత్త గుడ్డ. ఇంకా ఉతకలేదు, మరక పడుతుంది."

"నేనెందుకు ఏడుస్తాను" అన్నాను. అక్క తన కొంగు నా చేతికిచ్చింది.

కాసేపటికి బావ చెయ్యి చాపి సుద్దా, గుడ్డముక్కా ఇవ్వమన్నాడు. పాత కొలతలన్నీ అరచేత్తో రుద్ది చెరిపేశాడు. "ఊఁ, చెప్పు."

కింద కూర్చున్నాను. ప్యాంటు కాలు పైకి మడిచి టేపు పెట్టాను. బిగించి పట్టుకున్నాను. కాలు ఎగిరింది. ఆగేదాకా పట్టుకుని, షాపులో పలికినట్టే పైకి పలికాను.

"పదకొండు."

సుద్దతో గీశాడు. గుడ్డముక్క మడిచి నా చొక్కా జేబులో పెట్టాడు.

"ఇలాంటివే ఇంకో మూడు కుట్టెయ్. గుడ్డ రేపు పట్టుకురా, కోసిస్తాను. మళ్ళీ కొలవక్కర్లేదు."